బైనాక్యులర్ మెడలో పడ్డాక

పెళ్ళి బయోడేటాలోనైనా, ఉద్యోగానికి పంపే రెజ్యూమెలోనైనా చివర్లో ఒక గడి ఉంటుంది: హాబీలు. అందులో చాలామంది రాసేది ఒకటే. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, సినిమాలు చూడటం. అబద్ధమని కాదు గానీ, గడి ఖాళీగా ఉంటే బాగుండదని రాసే మాటలవి. పదో తరగతికి రాగానే డ్రాయింగ్ పుస్తకం అటకెక్కుతుంది. ఇంటర్లో చేరగానే సంగీతం క్లాసు ఆగిపోతుంది. ఎంసెట్ అయ్యాక చూద్దాంలే అన్నది ఇరవై ఏళ్ళు గడిచినా చూద్దాంలే దగ్గరే ఉండిపోతుంది. ‘దానివల్ల ఏమొస్తుంది?’ అన్న ప్రశ్నకు జవాబు చెప్పలేని పని మధ్యతరగతి ఇంట్లో ఎక్కువకాలం నిలబడదు.

అందుకే నలభై దాటాకో, రిటైరయ్యాకో పట్టుకున్న ఒక వ్యాపకం జీవితాన్నే మార్చేసిందని ఎవరైనా చెబితే అతిశయోక్తిలా వినిపిస్తుంది. సగం అతిశయోక్తే. కాలక్షేపంగా ఉన్నంతకాలం వ్యాపకం ఎవరినీ మార్చదు. టీవీ చేసే పనే అదీ చేస్తుంది. అది మనిషిని ఏదో ఒకటి అడగడం మొదలుపెట్టాలి. పొద్దున్నే లేవమనాలి, తెలియనిది తెలియదని ఒప్పుకోమనాలి, చూసింది చూసినట్టు రాసిపెట్టమనాలి. మార్పు అక్కడినుంచి వస్తుంది. కెనడాకు చెందిన సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ స్టెబిన్స్ 1982లో ఈ రెండో రకానికి ‘సీరియస్ లీజర్’ అని పేరు పెట్టాడు. ఓపిగ్గా నేర్చుకోవలసిన నైపుణ్యం, విసుగొచ్చినా దాటవలసిన దశలు, తనకంటూ ఒక చిన్న లోకం ఉన్న తీరిక అది.

ఈ మాట ఎంతవరకు నిజమో చూడటానికి పక్షుల్ని చూసే వ్యాపకం బాగా పనికొస్తుంది. పెద్ద ఖర్చు లేదు. తెలుగు నేల మీద దానికి నూట డెబ్భై ఏళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది. అది మనుషులకు చేసిన మేలూ, కీడూ రెండూ రికార్డులకెక్కాయి.

సరంజామా గురించి ఎక్కువ చెప్పడానికి ఏమీ లేదు. 8×42 బైనాక్యులర్ ఒకటి, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపించేది, ముందువైపు అద్దం 42 మిల్లీమీటర్లు ఉండేది. పది వేల రూపాయలకు అటూ ఇటూగా పనికొచ్చేది దొరుకుతుంది. ఒక నోటుబుక్కు. పొద్దుపొడిచే వేళ రెండు గంటలు. పేరు తెలియకపోతే కార్నెల్ విశ్వవిద్యాలయం వాళ్ళ మెర్లిన్ యాప్ ఉచితంగా దొరుకుతుంది; కూత వినిపిస్తే పేరు చెబుతుంది, అప్పుడప్పుడు తప్పు కూడా చెబుతుంది.

మొదట మారేది చూపు. వినడానికి గంభీరంగా ఉన్నా జరిగేది మామూలు సంగతే. పేరు తెలియని దాన్ని కన్ను లెక్కచేయదు. తీగ మీద వాలిన ప్రతిదీ ‘ఏదో పిట్ట’ అయినంతకాలం అది ఆ తీగలో ఒక భాగం, అంతే. తోక చివర రెండుగా చీలిన నల్లటిది పసులపోలిగాడని, గేదె వీపు మీద కూర్చునేది కూడా అదేనని ఒకసారి తెలిశాక ఇక దాన్ని చూడకుండా ఉండటం కుదరదు. కూర్చున్నప్పుడు మట్టిరంగులో కనిపించి, రెక్క విప్పగానే నీలం పరిచేది పాలపిట్ట. మందార పువ్వు దగ్గర తుర్రుతుర్రుమనేది తేనెపిట్ట. ఇన్నాళ్ళూ ఒకే చప్పుడుగా వినిపించిన పొద్దుటి సందడి పికిలిపిట్ట, గోరింక, జెముడుకాకి అని విడివిడిగా వినిపిస్తుంది. వీధి అదే, ఇల్లూ అదే. అందులో ఉన్నవాళ్ళ సంఖ్య మాత్రం పెరుగుతుంది.

తెలుగువాళ్ళ విషయంలో ఇక్కడొక తమాషా ఉంది. పక్షుల్ని చూడకముందే మనం చదివేశాం. గ్రూప్ వన్ నోటిఫికేషన్ కోసం కూడా చాతకపక్షిలా ఎదురుచూశామంటాం. ఆ చాతకం నలుపూ తెలుపూ ఒళ్ళుతో, తల మీద కుచ్చుతో, వానలు పడ్డాక హైదరాబాద్ శివార్ల తుప్పల్లోనే అరుస్తూ తిరిగే అచ్చమైన పిట్ట అని చాలామందికి తట్టదు. పద్యాల్లో విరహానికి గుర్తుగా నిలిచిన చక్రవాకాలు చలికాలంలో మన చెరువుల్లో దిగే నారింజ రంగు బాతులు. రాత్రిపూట విడిపోతాయన్న మాటేమో గానీ, పగటిపూట జంట జంటగానే కనిపిస్తాయి. దసరానాడు పాలపిట్టను చూస్తే శుభమని వెతుక్కునే ఆనవాయితీ తెలంగాణలో బలంగా ఉంది. దాన్ని పట్టి పంజరంలో పెట్టి, చూపించినందుకు డబ్బులు తీసుకునేవాళ్ళూ ఉన్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. పక్షులు చూసే అలవాటున్నవాళ్ళకు ఆ పంజరంతో పనిలేదు. ఊరు దాటి పొలాల మధ్య రోడ్డెక్కితే దసరా కాని రోజుల్లోనూ కరెంటు తీగల మీద తారసపడే పక్షే అది. సాహిత్యంగానో, శకునంగానో తెలిసినవి ప్రాణులుగా ఎదురుపడటం చిన్న విషయం కాదు. నడివయసులో అలా ఆశ్చర్యపోయే అవకాశాలు ఎక్కువగా రావు కూడా.

చూపు తర్వాత మారేది రోజుల లెక్క. ఆదివారమంటే పదింటికి లేచే రోజు అనుకున్నవాళ్ళు ఆరు కొట్టకముందే గండిపేట గట్టు మీదో, అమీన్‌పూర్ చెరువు దగ్గరో ఉండాలంటే శనివారం రాత్రి సంగతి ముందు తేలాలి. ఎవరూ ఉపదేశం చేయకుండానే పడుకునే వేళ మారుతుంది. మూడు నాలుగు కిలోమీటర్ల నడక వ్యాయామమని చెప్పకుండానే ఒంటికి అంటుతుంది. ఆ పైన ఏడాదికి కొత్త నెలలు పుడతాయి. అక్టోబరు నుంచి వలస పక్షులు. తల మీద రెండు నల్లపట్టీలుండే బార్ హెడెడ్ గూస్‌లు హిమాలయాలు దాటి దక్కను చెరువులకు చేరతాయి. చలికాలంలో పులికాట్‌లో రాజహంసలు, నేలపట్టులో గూడబాతులు. జొన్న చేల మీద గులాబీ రంగు గోరింకలు గుంపులుగా పడితే రైతు డబ్బా కొడతాడు, చూడవచ్చినవాళ్ళు మురిసిపోతారు. వానాకాలం ఈతచెట్లకు గిజిగాళ్ళ గూళ్ళు. ఆఫీసు కేలండర్లో ఇవేవీ ఉండవు.

కొత్త అలవాటు ఇరవై ఒక్క రోజుల్లో కుదురుతుందని ఒక లెక్క ప్రచారంలో ఉంది. యూనివర్సిటీ కాలేజ్ లండన్ పరిశోధకులు 96 మంది మీద చేసిన అధ్యయనంలో తేలింది వేరు. ఒక పని దానంతటది జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషినిబట్టి, పనినిబట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంది. గిటారు కొని నెలకే మూలన పెట్టినవాళ్ళు తమను తాము తిట్టుకోనక్కరలేదు, వాళ్ళు ఆగిపోయింది సగం దారిలో. పక్షుల వ్యాపకానికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. విసుగు పుట్టే సమయానికి రుతువు మారి కొత్త చుట్టాలు దిగుతారు.

మూడో మార్పు గురించి తక్కువగా మాట్లాడుకుంటారు గానీ, అన్నింటికంటే లోతుగా పనిచేసేది బహుశా అదే. నలభై అయిదేళ్ళ మనిషి తన రంగంలో తెలిసినవాడు. ఆఫీసులో సార్, ఇంట్లో నాన్న, అపార్ట్‌మెంట్ మీటింగులో గారు. ఏదైనా తెలియదని నోరు విప్పి చెప్పి ఎన్నేళ్ళయిందో గుర్తుండదు. చెరువు గట్టు మీద ఆ హోదాలేవీ పనిచేయవు. చెట్టు చిటారు కొమ్మన బూడిదరంగు పిట్టను చూసి డేగ అనగానే పక్కనున్న తొమ్మిదో తరగతి పిల్లవాడు, “అంకుల్, అది డేగ కాదు, కోకిల జాతిది. డేగలా కనిపిస్తుందంతే” అంటాడు. ఆ పిల్లవాడు చెప్పింది నిజం. కామన్ హాక్ కుకూ చూడటానికి జాలెడేగలాగే ఉంటుంది. కొత్తవాళ్ళందరూ దాని దగ్గర బోల్తా పడతారు. ఆ క్షణంలో నవ్వేసి పుస్తకం తెరిచేవాళ్ళు ఈ వ్యాపకంలో నిలుస్తారు. ముఖం ముడుచుకునేవాళ్ళు రెండో ఆదివారం రారు.

అక్కడ కలిసే మనుషులు కూడా వేరు. ఉద్యోగం ఇచ్చిన పరిచయాలు, కులం ఇచ్చిన పరిచయాలు, పిల్లల బడి ఇచ్చిన పరిచయాలు దాటి నాలుగో రకం స్నేహం పెద్దయ్యాక దొరకడం కష్టం. హైదరాబాద్‌లో 1980లో మొదలైన బర్డ్‌వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, ఇప్పటి డెక్కన్ బర్డర్స్, అలాంటి చోటు. బ్యాంకు ఉద్యోగి, డాక్టరు, కాలేజీ విద్యార్థి ఒకే టెలిస్కోపు ముందు వరసలో నిలబడతారు. ఎదుటివాళ్ళ జీతమెంతో ఏళ్ళ తరబడి ఎవరికీ తెలియకపోవచ్చు. హైదరాబాద్ లాంటి ఊళ్ళో అది వింతే.

ఇదంతా అనుభవాల మాట, కొలిచి చూపించగలరా అని అడగవచ్చు. కొంతవరకు చూపించారు. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 16 దేశాల్లో 65 ఏళ్ళు దాటిన 93,263 మంది సమాచారాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించింది. వ్యాపకం ఉన్నవాళ్ళలో కుంగుబాటు లక్షణాలు తక్కువగా, ఆరోగ్యం బాగుందన్న భావన, సంతోషం, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. అమెరికా, జపాన్, చైనా, ఇంగ్లండ్, యూరప్ దేశాలు అందులో ఉన్నాయి; భారతదేశం లేదు. పైగా ఇలాంటి అధ్యయనాలతో ఎప్పుడూ ఉండే చిక్కు దీనికీ ఉంది. వ్యాపకం ఉన్నందుకు బాగున్నారా, బాగున్నందుకు వ్యాపకం పెట్టుకోగలిగారా? మోకాళ్ళు సహకరించేవాడే కదా చెరువు గట్టు ఎక్కేది. ఏళ్ళ తరబడి అవే మనుషుల్ని గమనించడం వల్ల ఆ అనుమానం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. ‘రోజుకో గంట హాబీ, డిప్రెషన్ మాయం’ తరహా వీడియోలు ఈ తేడాను మింగేస్తాయి.

వ్యాపకం జీవితాన్ని మార్చడమంటే ఏమిటో అంకెలకంటే ఒక మనిషి కథ స్పష్టంగా చెబుతుంది. అమెరికాలో ఫీబీ స్నెట్‌సింగర్ అనే గృహిణి, నలుగురు పిల్లల తల్లి. 1965లో ఒకరోజు పొరుగింటామె బైనాక్యులర్ చేతికిచ్చి బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ అనే చిన్న పిట్టను చూపించింది. నారింజ రంగు గొంతున్న ఆ పిట్ట అంతకుముందు కూడా ఆ చెట్ల మీదికి వచ్చేదే. అప్పటికి ఆమెకు ముప్ఫై నాలుగేళ్ళు. పదహారేళ్ళ తర్వాత, 1981లో, మెలనోమా అనే ప్రమాదకరమైన చర్మ క్యాన్సర్ బయటపడింది. ఆమెకు ఎక్కువ కాలం లేదన్నారు వైద్యులు. ఆమె చికిత్సకు బదులు అలాస్కాకు పక్షుల యాత్ర ఎంచుకుంది. క్యాన్సర్ వెనక్కి తగ్గింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ తగ్గింది. అడవుల వెంట, దీవుల వెంట ఆమె మరో పద్దెనిమిదేళ్ళు తిరిగింది. 1995లో ఎనిమిది వేల జాతుల పక్షుల్ని చూసిన మొదటి వ్యక్తి అయింది. 1999లో మడగాస్కర్‌లో పక్షుల యాత్రలోనే, వాహనం బోల్తాపడి చనిపోయింది.

ఈ కథను ఇక్కడితో ఆపితే చక్కటి స్ఫూర్తిగాథ. కానీ అది సగమే. పక్షుల వల్ల క్యాన్సర్ తగ్గిందనడానికి ఏ ఆధారమూ లేదు. మెలనోమా అరుదుగా అలా వెనక్కి తగ్గుతుందని వైద్యానికి తెలుసు. ఆమె తండ్రి లియో బర్నెట్ పేరున్న వ్యాపార ప్రకటనల సంస్థ అధిపతి. ఆయన ఆస్తి లేకపోతే ఆ యాత్రలు లేవు. యాత్రల్లో పడి తల్లి అంత్యక్రియలకు వెళ్ళలేదు, కూతురి పెళ్ళికి వెళ్ళలేదు. 1986లో పాపువా న్యూగినీలో ఆమె మీద దారుణమైన దాడి జరిగింది. అయినా ఆగలేదు. ఆమె ధైర్యాన్ని మెచ్చుకోవచ్చు. కానీ జాబితా పొడవు పెంచడమే బతుకైన చోట వ్యాపకానికీ వ్యసనానికీ మధ్య గీత చెరిగిపోతుంది. నిజానికి అడిగే గుణమే వ్యాపకానికి బలం. ఎంత అడిగితే ఆపాలో చెప్పే యంత్రాంగం మాత్రం దాని లోపల ఉండదు. అది ఇంట్లోవాళ్ళు చెప్పాలి, చెప్పినప్పుడు వినాలి.

ఆ మోజు ఇంకో దిక్కుకు తిరిగితే ఏమవుతుందో నెల్లూరు, కడప జిల్లాల్లో కనిపిస్తుంది. థామస్ జెర్డాన్ మద్రాసు ప్రెసిడెన్సీలో బ్రిటిష్ వారి వైద్యుడు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేశాడు. రోగుల్ని చూడటం ఆయన ఉద్యోగం, పక్షులు ఆయన పిచ్చి. అడవి గురించి బాగా తెలిసిన యానాదుల్ని అడిగి పక్షుల సంగతులు తెలుసుకునేవాడు. ఆయన సేకరించిన ఒక పక్షి 1848లో శాస్త్రానికెక్కింది, ఆయన పేరు మీద జెర్డాన్స్ కోర్సర్ అన్నారు. మనవాళ్ళకు అది కలివికోడి. రాత్రిళ్ళు ముళ్ళపొదల మధ్య తిరిగే పక్షి. 1900 తర్వాత ఎవరి కంటా పడకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో, బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వెతుకుతున్న రోజుల్లో, ఐతన్న అనే స్థానికుడి చేతికి చిక్కింది. ఎనభై తొమ్మిదేళ్ళ పక్షి శాస్త్రవేత్త సలీం అలీ దాన్ని చూడటానికి వచ్చాడు. ఆ తర్వాత అక్కడ అభయారణ్యం వచ్చింది, ఆ పక్షి ఉన్న చోటును తప్పించడానికి తెలుగుగంగ కాలువ దారి మార్చారు. ఒక డాక్టరు తీరిక వేళల్లో పెట్టుకున్న పిచ్చి నూట యాభై ఏళ్ళ తర్వాత ఒక సాగునీటి కాలువను పక్కకు జరిపింది. మళ్ళీ పదిహేనేళ్ళకు పైగా జాడలేని ఆ పక్షి కూతను 2025లో రికార్డు చేసింది కూడా సొంత ఆసక్తితో వెతుక్కుంటూ వెళ్ళిన పక్షి ప్రేమికులే.

సలీం అలీ సంగతీ ఇక్కడ చెప్పుకోవాలి. చిన్నప్పుడు తుపాకీతో కొట్టిన ఒక పిచ్చుక గొంతు పసుపుగా ఎందుకుందో కనుక్కుందామని బొంబాయిలో ఆ సొసైటీ గుమ్మం ఎక్కిన కుర్రవాడాయన. తర్వాత ఉద్యోగం పోయి, చేతిలో పనిలేక సముద్రపు ఒడ్డు ఊరు కిహీంలో ఉన్నప్పుడు గిజిగాళ్ళ కాపురాన్ని గమనిస్తూ కూర్చున్నాడు. 1931, 32లలో నిజాం రాజ్యంలో పక్షుల సర్వే చేశాడు. హైదరాబాద్ చుట్టుపక్కల అప్పుడు ఏమేం ఉండేవో ఇవాళ తెలుస్తున్నదంటే ఆ సర్వే చలవే.

అందరూ జెర్డాన్‌లు కానక్కరలేదు. స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్ పేరుతో 2023లో వచ్చిన నివేదిక దేశంలోని 942 జాతుల పక్షుల పరిస్థితిని అంచనా వేసింది. దానికి ఆధారం సుమారు 30 వేల మంది, చూసిన పక్షుల్ని ఎవరైనా రాసిపెట్టగల ఈబర్డ్ అనే వెబ్‌సైట్లో నమోదు చేసిన 3 కోట్ల పరిశీలనలు. వాళ్ళలో ఎక్కువమంది జీతానికి చేసినవాళ్ళు కాదు. రాజమండ్రిలో ఒక టీచరు బడికి వెళ్ళేముందు మేడ మీద నిలబడి రాసుకున్న పావుగంట జాబితా కూడా అలాంటి లెక్కలో ఒక బిందువే. తన పని ఎవరికీ పట్టదని బాధపడే ఉద్యోగికి ఇది ఇచ్చే తృప్తి వేరు. రిటైరైనవాళ్ళకు మరీ ముఖ్యం. అరవయ్యో ఏట ఒక్కరోజులో పోయేది జీతం కంటే ముందు, ‘మీరు చెబితే జరుగుతుంది’ అన్న భావన.

అయితే ఇదంతా ఎవరికి అందుతోంది? 2024 జాతీయ సమయ వినియోగ సర్వే ప్రకారం జీతంలేని ఇంటిపనుల్లో పాల్గొన్న ఆడవాళ్ళు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికే పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. పొద్దున ఆరింటికి చెరువు గట్టు మీదున్న భర్త ‘పక్షి ప్రేమికుడు’ అయితే, అదే వేళకు స్టవ్ దగ్గరున్న భార్యకు తీరికే లేదు, వ్యాపకం మాట తర్వాత. ఒక్కర్తే వెళ్దామన్నా ఊరవతల చెరువు దగ్గర ఆ వేళలో భద్రత ఎంత? ఇంట్లో ఒకరి వ్యాపకానికి ఇంకొకరి నిద్ర ఖర్చవుతుంటే అది జీవితాన్ని మార్చిందని చెప్పుకునేముందు ఎవరి జీవితాన్ని అని అడగాలి. ఆదివారాలు వంతులు వేసుకునే ఇళ్ళు లేకపోలేదు. ఈ వారం ఆమె, వచ్చే వారం ఆయన.

ఇంకో ఆటంకం కెమెరా. పక్షిని చూడటం నేర్చుకోకముందే లక్షల ఖరీదు చేసే లెన్సు కొనేవాళ్ళు పెరిగారు. వస్తువు కొనడం వ్యాపకంలోకి వెళ్ళే దారిలా కనిపిస్తుంది గానీ చాలాసార్లు అది వ్యాపకానికి బదులుగా వచ్చి కూర్చుంటుంది. ఫొటో కోసం గూటి దగ్గర కొమ్మలు విరవడం, రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని బయటికి లాగడం అక్కడినుంచి వచ్చిన జాడ్యాలే. ఆ కూత విని మరో మగపక్షి తన చోటులోకి వచ్చిందనుకుని అది గూడు వదిలి పోరాటానికి వస్తుంది. లైకులు ఫోనులో పడతాయి, గుడ్లు ఎండకు వదిలేసి ఉంటాయి.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకు ఫిబ్రవరి మంచి నెల. చలి తగ్గుతుంటుంది, వలస పక్షులు ఇంకా వెళ్ళిపోవు, చెట్లు ఆకు రాల్చడంవల్ల కొమ్మల మీద ఏముందో కనిపిస్తుంది. ఆ నెలలోనే నాలుగు రోజుల పాటు ప్రపంచవ్యాప్తంగా గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ జరుగుతుంది. మన దేశం 2013 నుంచి పాల్గొంటోంది. ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. పావుగంట కదలకుండా బాల్కనీలో నిలబడి కనిపించినవన్నీ, వినిపించినవన్నీ రాసి ఈబర్డ్‌లో పెడితే చాలు. అందులో మూడు కాకులు, పది పావురాలు, ఒక గోరింక తప్ప ఏమీ లేకపోయినా ఆ జాబితా పనికొస్తుంది. పిచ్చుక కనిపించని వీధులు ఎక్కడెక్కడున్నాయో తేలేది అలాంటి జాబితాలతోనే.